పక్కింటి కాపలా: ఏళ్లు వాడాక ఏది నిలిచింది, ఏది మూలపడింది

ఇళ్లలో దొంగలు పడకుండా ఇరుగుపొరుగు కలిసి చేసుకునే ఏర్పాట్ల మీద కొత్తలో రాసే సమీక్షలన్నీ ఒకేలా ఉంటాయి. కెమెరాలు బిగించాం, గ్రూపు పెట్టాం, అందరూ ఉత్సాహంగా ఉన్నారు అని. ఏళ్లు గడిచాక చూస్తే సగం సామాను దుమ్ము పట్టి ఉంటుంది. ఇది ఆ రెండో దశ గురించి.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. వీధి మొత్తానికి ఒక పెద్ద సంఘం కన్నా, ఒకరి గుమ్మం ఒకరికి కనబడే ఆరు నుంచి పది ఇళ్ల జట్టు ఎక్కువ కాలం నిలుస్తుంది, ఎక్కువ పని చేస్తుంది. వంద ఇళ్ల సంఘంలో ఎవరైనా చూసుకుంటారులే అని అందరూ అనుకుంటారు. ఎనిమిది ఇళ్ల జట్టులో అలా అనుకోవడానికి వీలుండదు.

చిన్న జట్టు ఆలోచన కొత్తదేం కాదు. 1980ల మధ్యలో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో, కర్క్‌హోల్ట్ అనే కాలనీలో ఇదే చేశారు. దొంగలు పడ్డ ఇంటి చుట్టూ ఉన్న ఐదారు ఇళ్లవాళ్లని ఆ ఇంటి మీద ఓ కన్నేసి ఉంచమన్నారు. తలుపులు, తాళాలు గట్టిపరిచారు. ఇళ్లలో నాణేలు వేసి వాడుకునే మీటర్లు దొంగలకు ఎరగా ఉంటే వాటిని తీయించారు. దొంగతనాలు బాగా తగ్గాయి. అక్కడ పట్టుకున్న కిటుకు ఏమిటంటే, ఒకసారి దొంగ పడ్డ ఇంటికే మళ్లీ పడే ముప్పు ఎక్కువ. వాడికి దారి తెలుసు, తలుపు ఎంత గట్టిదో తెలుసు, పోయిన వస్తువు స్థానంలో కొత్తది వస్తుందనీ తెలుసు. చుట్టుపక్కల ఇళ్లదీ దాదాపు అదే పరిస్థితి. ఐదు దేశాల లెక్కలు పోల్చి 2007లో వెలువడిన అధ్యయనంలో, దొంగతనం జరిగిన ఇంటికి 200 మీటర్ల లోపు ఇళ్లకు కనీసం రెండు వారాలు ముప్పు పెరిగి ఉంటుందని తేలింది.

అందుకే ఏడాది పొడవునా రాత్రి గస్తీ అనే ఆలోచనకు మేం మార్కులు వేయం. వంతులు వేసుకుని తిరగడం మొదటి నెల జోరుగా సాగుతుంది, తర్వాత ఒకరికి జ్వరం, ఇంకొకరికి పొద్దున్నే డ్యూటీ, ఆపైన ఎవరూ రారు. పైగా ఈల ఊదుకుంటూ తిరిగే గస్తీ తానెక్కడుందో దొంగకు తానే చెప్పేస్తుంది. దగ్గరలో ఎక్కడైనా దొంగతనం జరిగితే రెండు వారాలు మాత్రం గట్టిగా కాపలా పెట్టుకుని, తర్వాత మామూలుగా ఉండటం మనుషులకు సాధ్యమయ్యే పని.

ఇక గ్రూపు. శుభోదయాలు, ఫార్వర్డ్‌లు మొదలైన మర్నాడే సగం మంది దాన్ని మ్యూట్ చేస్తారు. అసలు కబురు వచ్చిన రాత్రి ఎవరి ఫోనూ మోగదు. అందుకని కబుర్లకు ఒక గ్రూపు, హెచ్చరికలకు మాత్రమే ఇంకొకటి ఉండాలి. రెండోదాంట్లో “సరే”, “ధన్యవాదాలు” కూడా పెట్టకూడదు. అయినా రాత్రి పూట మెసేజ్‌ను నమ్ముకోవద్దు, ఫోన్ చేయాల్సిందే. ప్రతి ఇంటికీ తాను ఫోన్ చేయాల్సిన రెండు ఇళ్లు ముందే రాసిపెట్టి ఉండాలి. ఆ నంబర్లను ఫోన్‌లో ఫేవరిట్స్‌లో చేర్చి, డూ నాట్ డిస్టర్బ్ ఉన్నా వాటి కాల్స్ మోగేలా సెట్ చేసుకోవాలి. ఈ ఒక్క సెట్టింగ్ చేయకపోతే మిగతాదంతా దండగ. ఎవరైనా ఫోన్ మార్చినప్పుడల్లా ఇది ఎగిరిపోతుంది కాబట్టి మూడు నెలలకోసారి రాత్రి పదింటికి చెప్పి మరీ ఒక పరీక్ష కాల్ చేసుకోవాలి.

కబురు ఎలా పెట్టాలన్నదీ ముఖ్యమే. “ఎవడో అనుమానంగా ఉన్నాడు” అంటే ఎవరికీ ఏమీ తెలియదు. “మూడో నంబరు ఇంటి వెనక గోడ దగ్గర ఇద్దరు, ఒకరు గేటు లాగి చూస్తున్నారు, బైకు నంబరు ఇది, సందు వైపు వెళ్లారు” అంటే పని జరుగుతుంది. చేసిన పని చెప్పాలి, మనిషి వాలకం కాదు. బట్టలు, భాష, రంగు చూసి అనుమానించే గ్రూపులు చివరికి కూలి పనికొచ్చినవాళ్లనీ, డెలివరీ కుర్రాళ్లనీ నిలదీసే గ్రూపులుగా తయారవుతాయి. దొంగ అని రాసి ఫొటో తిప్పడం అన్నిటికన్నా ప్రమాదం. తర్వాత తప్పని తేలినా ఆ ఫొటో తిరుగుతూనే ఉంటుంది.

తలుపుల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు కానీ పెట్టిన శ్రమకు ఎక్కువ ఫలితం అక్కడే. బయటి నుంచి వేలాడే తాళంకప్ప అంటే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. తలుపులోనే ఇమిడిపోయే తాళం మేలు. గొళ్లెం పట్టీ స్క్రూలు బయటికి కనబడితే తాళం ఎంత ఖరీదైనదైనా లాభం లేదు, వాడు తాళం జోలికి పోడు, పట్టీనే పెకలిస్తాడు. స్క్రూలకు బదులు తలుపుకు ఆరపార వెళ్లే బోల్టు వేసి లోపలి వైపు వాషరు, నట్టు బిగించాలి. తాళం నాలుక దిగే ఫ్రేము వైపు రేకుకు సాధారణంగా చిన్న స్క్రూలే వస్తాయి. వాటి చోట 75 మిల్లీమీటర్లవి వేస్తే చెక్క లోతుకు దిగి, ఒక తన్నుకు ఊడిరాదు.

ఇంకో చిన్న విషయం, జట్టు మొత్తానికి సంబంధించింది. ఒక ఇంట్లో దూరే ముందు చుట్టుపక్కల ఇళ్ల తలుపులకు బయట గొళ్లెం పెట్టేయడం దొంగలకు అలవాటు. అరుపు వినబడినా ఎవరూ బయటికి రాలేరు. బయటి గొళ్లేలు తీసేయించడం ఉత్తమం. అది కుదరకపోతే గొళ్లెం జరగకుండా, తెరిచిన స్థితిలోనే దాని రంధ్రానికి చిన్న తాళం వేసి ఉంచాలి. మేం చూసినంతలో రూపాయికి రూపాయి లాభం ఇచ్చే పని ఇదే.

దీపాల విషయం త్వరగా చెప్పేయొచ్చు. కదలికకు వెలిగే లైటును రెండు రెండున్నర మీటర్ల ఎత్తులో, మనిషి దాని ఎదురుగా వచ్చేలా కాకుండా అడ్డంగా దాటేలా పెట్టాలి. ఆ సెన్సర్ అడ్డంగా సాగే కదలికనే బాగా పసిగడుతుంది. మండుటెండల కాలంలో ఒంటి వేడికీ గాలి వేడికీ తేడా తగ్గి దాని చూపు మందగిస్తుంది, పాడైందని పారేయకండి.

కెమెరాలకు మేం వేసేది సగటు మార్కులు. మొహం గుర్తుపట్టాలంటే దృశ్యంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు) ఉండాలన్నది కెమెరాల రంగంలో వాడే ప్రమాణం. 1920 పిక్సెళ్ల వెడల్పున్న మామూలు ఫుల్ హెచ్‌డీ కెమెరాకు లెక్కేస్తే ఏడున్నర మీటర్ల వెడల్పు దాటకూడదు. వీధంతా ఒకే కెమెరాలో పడాలని రెండో అంతస్తు మీద పెడితే టోపీలు, నడినెత్తులు తప్ప ఏమీ దొరకవు. వీధిలోకి వచ్చే దారుల దగ్గర, గేటు ఎత్తులో, ఇరుకైన చూపుతో రెండు పెట్టుకోవడం నయం. పక్కింటి కిటికీలోకి చూపు పోకుండా మాత్రం ముందే మాట్లాడుకోవాలి, జట్లు విడిపోయేది ఇక్కడే.

రాత్రి పూట కెమెరా వాడే ఇన్‌ఫ్రారెడ్ (మన కంటికి దాదాపు కనబడని) వెలుగు దగ్గర పురుగులు తిరుగుతుంటాయి, వాటి కోసం సాలీడు లెన్స్ ముందే గూడు అల్లుతుంది. ఆ దారం తెల్లగా మెరిసి, గాలికి ఊగినప్పుడల్లా ఫోన్‌కు హెచ్చరిక పంపిస్తుంది. పది రాత్రులు అలా మోగితే పదకొండో రాత్రి మీరు చూడరు. నెలకోసారి పొడి బ్రష్షుతో దులపాలి. గడియారం సమయం సరిగ్గా ఉందా, పాత రికార్డింగ్ నిజంగా తెరుచుకుంటోందా అని అప్పుడే చూసుకోవాలి. కెమెరా దృశ్యాలు దాచే రికార్డర్ హాల్లో టీవీ పక్కన ఉంటే దాన్నీ ఎత్తుకుపోతారు.

ఊరెళ్లేటప్పుడు ఆ సంగతి గ్రూపులో పెట్టొద్దు, ఎదురింటికీ పక్కింటికీ నోటితో చెప్పండి. గుమ్మం ముందు పేపర్లు, పార్సిళ్లు తీసేయడం, రెండు రోజులకోసారి కర్టెన్ జరపడం, తమ బండిని ఖాళీ ఇంటి ముందు నిలపడం వాళ్ల పని. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉన్న వరండా దీపం కూడా ఇంట్లో ఎవరూ లేరనే చెబుతుంది, సాయంత్రం వెలిగి రాత్రి ఆరే టైమరు పెట్టుకోండి. ఇచ్చిన తాళంచెవి మీద ఇంటి నంబరు రాయకూడదు.

పక్కింటి తలుపు పగిలి కనబడితే లోపలికి వెళ్లకండి, వాడు ఇంకా లోపలే ఉండొచ్చు. దూరంగా జరిగి పోలీసులకు ఫోన్ చేసి, జట్టులో ఇద్దరు తమ తమ ఇళ్ల నుంచే ముందు దారినీ వెనక దారినీ కనిపెట్టాలి. అడ్డగించడం, వెంటపడటం వద్దు. పోలీసులు వచ్చేదాకా తలుపు, బీరువా ఎవరూ ముట్టకుండా చూడాలి. రికార్డర్ పాతవాటిని చెరిపేస్తూ పోతుంది కాబట్టి ఆ పూట రికార్డింగ్‌ను, ముందు వారానిదీ కలిపి, అదే రోజు వేరే చోట కాపీ చేసుకోవాలి. రెక్కీకి వచ్చినవాళ్లు చాలాసార్లు అందులో ఉంటారు. పోలీసులు చూసి వెళ్లాక, చీకటి పడేలోపు కొత్త తాళం బిగించి, రెండు వారాల వంతులు రాసుకోవాలి.