కోరంగిలో పిల్లలతో: పడవకన్నా చెక్క వంతెనే నయం

పిల్లలకు అడవి జంతువులు చూపించాలంటే మనకు ముందు గుర్తొచ్చేది విశాఖ జూ. పులి కనిపిస్తుంది, నిజమే. కానీ అది వేట ఎలా చేస్తుందో, ఎండకు ఎక్కడ దాక్కుంటుందో బోను దగ్గర తెలియదు. ఆశ కాస్త చిన్నది పెట్టుకుంటే, ప్రాణులు బతికే తీరు మన గోదావరి డెల్టాలోనే కళ్ల ముందు కనిపిస్తుంది. ఐదేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాపతో ఈ చలికాలం తిరిగిన చోట్ల సంగతులివి.

అన్నిటికన్నా నచ్చింది కోరంగి. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోనే ఉంటుంది. 1978లో అభయారణ్యమైన ఈ మడ అడవి 235 చదరపు కిలోమీటర్లకు పైనే. ఇక్కడి బావురుపిల్లి పేరు వినగానే మావాడు "పిల్లి ఎక్కడ?" అని మొదలుపెట్టాడు. అది రాత్రిళ్లు తిరిగి చేపలు పట్టుకుంటుందని, పగలు కనబడటం దాదాపు కుదరదని కారులోనే చెప్పేయండి. లేకపోతే సాయంత్రం దాకా అదే గోల.

ఇక్కడికి మన వీలు చూసుకుని కాదు, పాటు (సముద్రపు నీరు వెనక్కి తీసే వేళ) చూసుకుని వెళ్లాలి. నీరు తీసినప్పుడే బురద బయటపడుతుంది, బురదలోనే అసలు తమాషా అంతా. పోటు, పాటు వేళలు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి కాబట్టి, ముందురోజు పడవవాళ్లను అడిగి కనుక్కోవడం మేలు. "పొద్దున్నే వచ్చేయండి, పాటు ఉంటదండి" అన్నాడు మేం అడిగినాయన. ఆ మాట పట్టుకునే వెళ్లాం.

చెక్క వంతెన మీద నడుస్తుంటే అడుగుల చప్పుడుకు పీతలన్నీ బొరియల్లోకి పోతాయి. అక్కడే చతికిలబడి కదలకుండా కూర్చోవాలి. కాసేపటికి ఒక్కొక్కటే తల బయటపెడతాయి. ఇవి ఫిడ్లర్ పీతలు. వీటిలో మగ పీతకు ఒక డెక్క ఒళ్లంత పెద్దది, రెండోది బుల్లిది. పెద్దదాన్ని పైకెత్తి ఊపుతూ ఆడపీతను పిలుస్తుంది, మగవాటిని బెదిరిస్తుంది. ఆడదానికి రెండూ చిన్నవే, రెండు చేతులా బురద తీసుకుని తింటుంది. పనికొచ్చింది మింగి, మిగిలిన బురదను ఉండలు చేసి పడేస్తుంది. మా పాప ఆ ఉండలు లెక్కపెడుతూ ఫోను సంగతే మర్చిపోయింది.

పక్కనే బురద మీద గెంతే చేపలు. "నాన్నా, చేప నీళ్లలో కదా ఉండాలి?" అన్నాడు బాబు. ఒళ్లు, నోరు తడిగా ఉన్నంతసేపు అది గాలి పీల్చుకోగలదని, తడి ఆరిపోకుండా మధ్యమధ్యలో బురదలో దొర్లుతుందని చెప్పాను. చెప్పిన కాసేపటికే ఒకటి పక్కకు దొర్లింది. అదృష్టం. మడ చెట్ల చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు ఎందుకో కూడా అప్పుడే చెప్పడం తేలికైంది: బురదలో గాలి ఆడదు, చెట్టు పైనుంచి పీల్చుకోవాలి.

పడవ షికారు పెద్దవాళ్లకు బాగుంటుంది. ఇంజను చప్పుడుకు కొంగలు మనం చేరేలోపే లేచిపోతాయి. నీటికుక్కలు కనిపిస్తాయేమోనని కళ్లు కాయలు కాచేలా చూశాం, కనపడలేదు. ఐదేళ్లవాడు కాసేపటికే నిద్రపోయాడు. ఆదివారం జనం ఎక్కువ, వేరే రోజు కుదిరితే అదే మంచిది.

కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఈసారికి వద్దనుకున్నాం. అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి గుడ్లు పెడతాయి గానీ, రాత్రిపూట టార్చిలైటుతో వాటి వెంట పడితే భయపడి తిరిగి సముద్రంలోకి పోతాయి. ఉప్పాడ తీరంలో చచ్చిన తాబేలు కనిపించింది. పాప అడిగితే దాచలేదు. దానికీ మనలాగే గాలి కావాలి, వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుందని చెప్పాను. ఈ తాబేలు అలాగే చచ్చి ఉండొచ్చు అన్నాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత వల గురించి ప్రశ్నలే ప్రశ్నలు.

బస విషయానికొస్తే, కోరంగికి కాకినాడలో దిగడమే సుఖం. మేం దిగిన లాడ్జిలో అద్దె తక్కువే గానీ గీజరు పనిచేయలేదు, దోమలు విపరీతం. డిండిలో గోదారి ఒడ్డు, కొబ్బరితోటలు చూడ్డానికి బ్రహ్మాండం. కాకపోతే అక్కడినుంచి కోరంగికి కోనసీమంతా అడ్డంగా దాటి రావాలి. వాంతులయ్యే పిల్లలుంటే టెన్షనే.

తిరుగు ప్రయాణంలో భీమవరం మీదుగా కైకలూరు దగ్గరి ఆటపాకకు వెళ్లాం. అది కొల్లేరు, అసలు డెల్టా అంచు దాటాక. చలికాలంలో గూడబాతులు చెట్ల మీద, వాటికోసం పాతిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కడతాయి. పిల్ల తన ముక్కును తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపలు తినడం చూసి మావాడు "అమ్మను మింగేస్తోంది!" అని కేకపెట్టాడు. ఆటపాకకు బైనాక్యులర్ తప్పనిసరి. కోరంగికి అక్కర్లేదు, టోపీ, నీళ్లసీసా, దోమల క్రీము చాలు, లోపలికి వెళ్లేముందే పిల్లల్ని బాత్రూముకు పంపండి.