489 అని చెప్పిన కారులో బెజవాడ వెళ్లొచ్చాం

ఈవీ, అంటే ఎలక్ట్రిక్ కారు, కొనాలా వద్దా అని ఆరు నెలలుగా ఊగిసలాడుతున్నాను. ఇలా కాదని టాటా వాళ్ల నెక్సాన్ ఈవీ 45 (45 యూనిట్ల బ్యాటరీది) ఒకటి రెండు రోజులకి అద్దెకి తీసుకుని, మా ఆవిడా నేనూ ఎల్బీనగర్ నుంచి బెజవాడ వెళ్లొచ్చాం.

ఈ బండికి కాగితం మీద రేంజ్, అంటే ఒక్క ఫుల్ ఛార్జింగ్‌కి వెళ్లే దూరం, 489 కిలోమీటర్లు. అది ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, 90 దాటని స్పీడుతో తేల్చిన లెక్క. రోజువారీ వాడకానికి సీ75 అని (నూటికి 75 మంది కస్టమర్లకి వచ్చే రేంజ్) కంపెనీ వాళ్లే 350 పైన చెప్తున్నారు, కొనేవాళ్లు చూడాల్సింది అదే.

ఫుల్ ఛార్జింగ్‌తో పొద్దున్నే బయల్దేరితే స్క్రీన్ మీద 352 ఉంది. హైవే ఎక్కాక, మేము పది కిలోమీటర్లు వెళ్తే అది పదిహేను తగ్గడం, పక్కన మా ఆవిడకి టెన్షన్. నిజానికి ఆ అంకె అంతకుముందు ఎవరో సిటీలో నడిపిన తీరుని బట్టి వేసిన అంచనా. ఈవీలకి సిటీలోనే ఎక్కువ వస్తుంది, పెట్రోల్ బండికి పూర్తిగా రివర్సు. అందుకని దాన్ని వదిలేసి, కరెంటు యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో చూశాను, మైలేజీ చూసినట్టే. ఏసీ వేసుకుని 80-90లో వెళ్తే ఏడు వచ్చింది. 260 కిలోమీటర్లు నడిచి బెజవాడ చేరేసరికి 19 శాతం మిగిలింది. దారిలో ఎక్కడా ఛార్జింగ్ పెట్టలేదు.

హోటల్ వాళ్లు ఛార్జింగ్ ఉందన్నారు గానీ, తీరా చూస్తే సెల్లార్‌లో జనరేటర్ పక్కన ఒక్క 15 యాంప్ ప్లగ్గు, దాని ముందు ఎవరిదో స్కూటర్. గది మాత్రం శుభ్రంగా ఉంది, వాచ్‌మన్ మంచోడు, స్కూటర్ తీయించాడు. రాత్రంతా పెడితే పొద్దున్నకి 85 శాతానికి చేరింది.

వచ్చేటప్పుడే అసలు కథ. హైదరాబాద్ బెజవాడ కన్నా 500 మీటర్లకి పైగా ఎత్తులో ఉంది, బండిని అంత ఎత్తుకి లాక్కెళ్లడానికే రెండు యూనిట్ల పైన ఖర్చవుతుంది. దానికి తోడు తొందరపడి 100లో తోలాను. యూనిట్‌కి ఆరు కూడా కష్టమైంది. సూర్యాపేటలో ఆగిన మొదటి ఛార్జర్ యాప్‌లో పనిచేస్తున్నట్టే చూపించింది, ఛార్జింగ్ గన్ బండికి పెడితే ఛార్జింగే మొదలవ్వదు, పైగా వాలెట్‌లో డబ్బులు కట్టయ్యాయి, ఇంకా రాలేదు. కాస్త ముందుకెళ్తే ఒక బంకులో దొరికింది. యూనిట్‌కి 20 రూపాయలు దాటింది, ఇంటి కరెంటుతో పోలిస్తే మంటే, కానీ నలభై నిమిషాల్లో ఇడ్లీ, టీ అయ్యేలోపు పనైపోయింది.

నా లెక్కలో ఫుల్ ఛార్జింగ్‌కి హైవే మీద 270 కిలోమీటర్లు నమ్మకంగా వస్తుంది, మా అవసరానికి చాలు. ఇక మిగిలింది మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్ పెట్టనిస్తారా అన్నది. ఆదివారం అసోసియేషన్ మీటింగ్ ఉంది.