విశాఖలో రేడియేషన్ ప్లానింగ్ సేవ: మా పెద్దమ్మ చికిత్సపై సమీక్ష

క్యాన్సర్‌కు రేడియేషన్ ఇప్పించాలనుకునే కుటుంబాలు ముందుగా యంత్రం గురించే ఆరా తీస్తాయి. ఆ యంత్రం ఎక్కడ, ఎంత మోతాదు ఇవ్వాలో తేలేది మాత్రం అంతకు ముందు సీటీ గదిలోనూ, కంప్యూటర్ల ముందూ జరిగే ప్లానింగ్‌లోనే. అందుకే విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రిలో మేము చూసిన ఆ దశ గురించే ఈ సమీక్ష రాస్తున్నాను. ఒక లోపాన్ని కూడా ప్రస్తావిస్తున్నందున ఆసుపత్రి పేరు చెప్పడం లేదు.

మా పెద్దమ్మది శ్రీకాకుళం వైపు తీర గ్రామం. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లలో ఏళ్లుగా ఉన్నదే. అది అంగిలి క్యాన్సర్‌కు దారి తీస్తుందని తెలిసినా మా ఇంట్లో ఎవరమూ గట్టిగా మాన్పించలేకపోయాం. ఆపరేషన్‌లో అంగిలిలో కొంత భాగం తీసేసిన తరువాత వారానికి ఐదు రోజుల చొప్పున 30 విడతల్లో మొత్తం 60 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) రేడియేషన్ ఇవ్వాలని డాక్టర్లు నిర్ణయించారు.

మొదటి పని, చికిత్సలో తల కదలకుండా పట్టి ఉంచే మాస్కు. వేడినీళ్లలో మెత్తబడిన చిల్లుల ప్లాస్టిక్ పలకను ముఖం మీద పరిచి, ముక్కు, గడ్డం ఒంపులకు సరిగ్గా అతుక్కునేలా వేళ్లతో నొక్కి, గట్టిపడేదాకా పట్టుకున్నారు. ఊపిరాడదేమోనని పెద్దమ్మ బెదిరితే, టెక్నీషియన్ అమ్మాయి పలకను ఆమె చేతికిచ్చి, “మామ్మా, దీన్నిండా చిల్లులే, గాలి బాగా ఆడుతుంది, తడిమి చూడండి” అని చెప్పి ఆమె సరేననే వరకు ఆగింది. గోడల నుంచి వచ్చే లేజరు గీతలు మాస్కు మీద కలిసిన చోట్ల చిన్న లోహపు గుళ్లు అంటించి, వాటితో సహా సీటీ తీశారు. అంగిలిలోని ఖాళీని మూసే కట్టుడు పలకను నోట్లో పెట్టుకునే సీటీకి రమ్మనడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే సీటీ రోజు నోరు ఏ స్థితిలో ఉంటుందో చికిత్స జరిగే ప్రతి రోజూ అదే స్థితిలో ఉండాలి.

లోపం కూడా ఇక్కడే జరిగింది. నోటి భాగానికి రేడియేషన్ ఇచ్చే ముందు పుచ్చుపళ్లు తీయించి, గాయం మానేదాకా ఆగాలి. రేడియేషన్ తగిలిన దవడలో ఆ తరువాత పన్ను పీకితే ఎముక మానక కుళ్లిపోయే ప్రమాదం ఉంటుంది. ఇది అక్కడ అందరికీ తెలిసిన విషయమే అయినా మమ్మల్ని పళ్ల డాక్టరు దగ్గరికి పంపింది మాస్కు చేసిన తరువాత. పళ్లు తీశాక మాస్కు బిగుతు మారిపోయింది. దాంతో మాస్కూ సీటీ రెండూ మళ్లీ చేయించాల్సి వచ్చింది, రెండో మాస్కుకు బిల్లు కూడా వేశారు. నిలదీస్తే తీసేశారు గానీ, ఆపరేషన్ గాయంతో ఉన్న మనిషిని రెండుసార్లు ఆ బల్ల మీద పడుకోబెట్టడం డబ్బుతో సరిపెట్టుకునే విషయం కాదు.

కంప్యూటరు మీద జరిగిన పనికి మాత్రం నిండు మార్కులు వేస్తాను. డాక్టరు సీటీ చిత్రాలను ఎంఆర్ఐతో కలిపి, కణితి ఉండిన చోటును, దాని చుట్టూ క్యాన్సర్ కణాలు మిగిలి ఉండగల ప్రాంతాన్ని ఒక్కో స్లైసు మీద గీసి, రోజువారీ చిన్న కదలికల కోసం ఇంకొన్ని మిల్లీమీటర్ల అంచు కలిపారు. కళ్లు, చూపు నరాలు, వెన్నుపాము, చెవుల ముందుండే లాలాజల గ్రంథులకు వేరువేరు రంగులు ఇచ్చారు. రేడియేషన్ మోతాదు లెక్కలు చూసే మెడికల్ ఫిజిసిస్టు మమ్మల్ని స్క్రీన్ ముందు కూర్చోబెట్టి, వెన్నుపాముకు ఎక్కడా 45 గ్రేలు దాటనివ్వలేదని, కణితి వైపున్న గ్రంథిని పూర్తిగా కాపాడలేకపోయినా రెండో వైపు గ్రంథికి సగటున 26 గ్రేల లోపే ఉంచామని, అందువల్ల నోరు ఎండిపోయే బాధ కొంతైనా తగ్గుతుందని గ్రాఫు చూపిస్తూ చెప్పారు. తుది ప్లానును రోగి లేకుండా యంత్రం మీద నడిపి, కంప్యూటరు లెక్కగట్టిన మోతాదే వస్తోందో లేదో కొలిచి చూశాకే తేదీ ఇచ్చారు.

ఈ వివరమంతా ఫిజిసిస్టు గది దాకా వెళ్లి అడిగితేనే తెలిసింది. సీటీ తీసిన నాటి నుంచి చికిత్స మొదలయ్యే వరకు కౌంటరులో వచ్చిన జవాబల్లా “ప్లానింగ్ నడుస్తోందండీ” అన్న ఒక్క ముక్కే. రోగం పెరిగిపోతుందేమోనన్న భయంతో పెద్దమ్మ రోజూ “కరెంటు (రేడియేషన్‌ను ఆమె అలాగే అంటుంది) ఎప్పుడు పెడతార్రా?” అని అడుగుతుంటే చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆ రోజుల్లో ఏ పని జరుగుతుందో ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇస్తే చాలు.

చికిత్స సగానికి వచ్చేసరికి ఆమె బరువు తగ్గి మాస్కు వదులైంది. యంత్రం మీదే రోజూ తీసే స్కానులో ఆ తేడా గమనించి, మేము అడగకుండానే కొత్త మాస్కు, కొత్త సీటీతో ప్లాను మళ్లీ వేశారు, ఈసారి బిల్లు లేకుండా. నగరంలో ఏ ఆసుపత్రికి వెళ్లినా, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికైనా ప్రైవేటుకైనా, రెండు ప్రశ్నలు ముందే అడగండి: పళ్ల పరీక్ష మాస్కుకు ముందే చేయిస్తారా, బరువు తగ్గితే ప్లాను మళ్లీ వేస్తారా?