వయోమింగ్ ఆంటిలోప్ ‘గ్యారంటీ ఏరియా’ ప్యాకెట్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. ట్రక్కు బానెట్ మీద కొమ్ములు ఆనించి "గైడెందుకు దండగ, పబ్లిక్ ల్యాండ్ చాలు, ట్యాగ్ గ్యారంటీ తమ్ముళ్ళూ" అని వీడియోలు పెట్టే అన్న ఎవరో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ట్యాగ్ అంటే వేట లైసెన్సు. ఆయన అమ్మే ఆంటిలోప్ ఏరియా ప్యాకెట్ (ఏ ఏరియాకి దరఖాస్తు పెట్టాలో, అక్కడ ఎక్కడ వేటాడాలో చెప్పే పీడీఎఫ్) నేనూ కొన్నాను. నిన్న రాత్రి కాస్పర్ నుంచి డెన్వర్‌కి ఖాళీ కూలర్లతో తిరిగొచ్చాం. ఒళ్ళు మండిపోతోంది, నిద్ర పట్టట్లేదు, అందుకే ఇది. అక్షరాల తప్పులుంటే సర్దుకోండి.

అసలు సంగతి గబగబా చెప్పేస్తా. ప్రాంగ్‌హార్న్‌కి (ఇక్కడ ఆంటిలోప్ అనేది దీన్నే) వయోమింగ్ తర్వాతే ఏ రాష్ట్రమైనా, ఇంకెక్కడా అన్ని లేవు. బయటి రాష్ట్రం వాళ్ళకి డ్రా (లైసెన్సుల లాటరీ) దరఖాస్తు గడువు జూన్ మొదట్లో అయిపోతుంది. మామూలు లైసెన్సు 326 డాలర్లు, దరఖాస్తు ఫీజు ఇంకో 15. దరఖాస్తులోనే హంట్ ఏరియా నంబరు రాయాలి, లైసెన్సు ఆ ఏరియాకే పనికొస్తుంది. కాబట్టి ఏరియా తప్పు పడిందా, అక్టోబరులో మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

నా దగ్గర ఏడాదికొకటి చొప్పున కొనిపెట్టుకున్న ప్రిఫరెన్స్ పాయింట్లున్నాయి, అవి ఎన్ని ఎక్కువుంటే డ్రాలో అంత ముందుంటాం. వాటితో నైరుతి వైపు, రెడ్ డెసర్ట్‌లో ఏదైనా ఏరియాకి వెళ్దామని నా ఆశ. అక్కడ మైళ్ళకి మైళ్ళు బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ) భూమే, ఎవర్నీ అడగక్కర్లేదు. వీడియోల అన్నేమో వద్దన్నాడు. "2022-23 చలికాలంలో అటువైపు కుప్పలుగా చచ్చిపోయాయి తమ్ముడూ. ట్యాగులు కోసేశారు. ఇప్పుడక్కడ ఏముందని పాయింట్లు తగలేస్తావ్?" అన్నాడు. అది అబద్ధమైనా బాగుండేది, పట్టుకునేవాణ్ణి. ఆ చలికాలం మంచుకి తోడు పైన్‌డేల్ చుట్టుపక్కల మైకోప్లాస్మా బోవిస్ అనే బ్యాక్టీరియా తెచ్చే న్యుమోనియా కూడా వచ్చి నిజంగానే చాలా పోయాయి, గేమ్ అండ్ ఫిష్ (రాష్ట్ర వన్యప్రాణి శాఖ) వాళ్ళు లైసెన్సులు తగ్గించిన మాటా నిజమే. ఆ నిజాన్ని ముందు పెట్టి వెనకాల తన సరుకు తోశాడు.

ఆ సరుకేంటయ్యా అంటే, కాస్పర్ దాటాక ఈశాన్యాన పౌడర్ రివర్ బేసిన్‌లో ఒక ఏరియా. "రోడ్డు పక్కనే మేస్తుంటాయి. నూటికి నూరు శాతం డ్రా అవుతుంది. ఫస్ట్ ఛాయిస్‌లో కొట్టెయ్." 149 డాలర్లు పంపితే పీడీఎఫ్ వచ్చింది. ప్రతి పేజీ మీదా అడ్డంగా ‘కాన్ఫిడెన్షియల్’ అని ముద్ర. లోపల మ్యాపు, మ్యాపు మీద జీపీఎస్ పిన్నులు, పిన్నుల పక్కన ‘నీటి గుంట’, ‘ఉదయం ఇక్కడ కూర్చో’ అని రాతలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

ఫస్ట్ ఛాయిస్ (దరఖాస్తులో మొదట రాసే ఏరియా) అన్నాడే, అక్కడే మొదటి దెబ్బ. వయోమింగ్‌లో మొదటి ఛాయిస్ తగిలితే మీ పాయింట్లన్నీ పోతాయి. రెండో ఛాయిస్‌లో తగిలితే ఒక్కటీ పోదు. ఈ మహానుభావుడు చెప్పిన ఏరియాకి సున్నా పాయింట్లతో రెండో ఛాయిస్‌లో కూడా వచ్చేస్తుంది. అంతెందుకు, డ్రా అయ్యాక మిగిలిపోయిన లైసెన్సుల జాబితాలో అదే ఏరియా కూర్చుని ఉంది. ఎవరూ తీసుకోక మిగిలినదానికి నేను ఏళ్ళ పాయింట్లు ధారపోశానన్నమాట. ఎందుకు మిగిలిందో అప్పుడైనా నా బుర్రకి తట్టాలిగా? "ఓహో, ఈ రహస్యం ఇంకా ఎవరికీ తెలీదు కాబోలు" అనుకుని మురిసిపోయాను.

మ్యాపు విషయానికొద్దాం. బీఎల్ఎం మ్యాపుల్లో పసుపు రంగు బీఎల్ఎంది, నీలం రాష్ట్రానిది, తెలుపు ప్రైవేటుది. ప్యాకెట్‌లో మ్యాపు నిండా అక్కడక్కడా నీలం చదరాలు, పసుపు ముక్కలు. చూస్తే బోలెడంత పబ్లిక్ ల్యాండ్ ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ నీలం చదరాల కథ వేరు. భూమి సర్వేలో టౌన్‌షిప్ అనే పెద్ద చదరానికి ముప్పై ఆరు సెక్షన్లు, అందులో 16, 36 నంబర్లవి బడుల కోసమని రాష్ట్రానికి ఇచ్చారు. ఒక్కోటి 640 ఎకరాలు, చదరపు మైలు. అవి ఒకదాన్నొకటి ఆనుకుని ఉండవు, చుట్టూ రాంచ్ భూములే. కౌంటీ రోడ్డు దాని గుండానో, దాని అంచున్నో పోతే మన అదృష్టం. లేదంటే ఆ చదరపు మైలు ప్రజలదే, కానీ ప్రజలు హెలికాప్టర్‌లో దిగాలి.

సీజన్ తెరిచే ముందురోజు మధ్యాహ్నానికి హైవే 387 దిగి కౌంటీ రోడ్డు పట్టుకున్నాం. నేనూ, మా ఆఫీసులో నాకంటే పదేళ్ళు పెద్దాయన ఒకరూ. ఆయన్ని గారూ అనే పిలుస్తాను. హెచ్-1బి మీదున్నారు. వీసా మీదున్నవాళ్ళు రైఫిల్ పట్టుకోవాలంటే చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండాలి, ఆయన హంటర్ సేఫ్టీ కోర్సు దగ్గర్నుంచి అన్నీ పద్ధతిగా చేసుకుని వచ్చారు. నా మాట నమ్మి అదే ఏరియాకి లైసెన్సు తీసుకున్నారు. అది తల్చుకుంటేనే తల కొట్టేసినట్టుంది.

మొదటి పిన్ను రాంచ్ పశువుల తొట్టి. గాలిమర కింద ఇనప తొట్టి, చుట్టూ నల్ల ఆంగస్ ఆవులు, కంచె, తాళం. రెండో పిన్నూ అంతే. మూడోది నిజంగానే పబ్లిక్, పసుపు ముక్క. కానీ దానికీ కౌంటీ రోడ్డుకీ మధ్య ఒక మైలున్నర ప్రైవేటు, గేటు, గేటుకి గొలుసు. గేటు అవతల ప్రాంగ్‌హార్న్ మంద హాయిగా మేస్తోంది. అవి కంచె మీంచి దూకవు, కింది తీగ కింద నుంచి దూరి పోతాయి. వాటికి పసుపు, నీలం, తెలుపు అన్నీ ఒకటే. మన బతుకే రంగులు చూసుకోవాలి.

అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను, ఆ పని ఎందుకు చేశానో!

"అన్నా, మూడో పిన్ దగ్గరున్నాం. గేటుకి తాళం ఉందన్నా. దారెటు?"

"ఏ దారి?"

"అదే అన్నా, పబ్లిక్ ల్యాండ్‌లోకి."

నవ్వాడండీ. పక్కన ఎవరితోనో ఏదో అని, మళ్ళీ ఫోన్లోకొచ్చి, "తమ్ముడూ, నేను ఏరియా చెప్తానన్నా. దారి చెప్తానన్లేదు కదా. ప్యాకెట్‌లో ఎక్కడన్నా రాశానా చూడు" అన్నాడు.

చూశాను. నిజమే, ఎక్కడా రాయలేదు. పదిహేను పేజీల్లో ‘యాక్సెస్’ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. అంత జాగ్రత్తగా రాశాడంటే తెలియక రాసింది కాదుగా.

"మరి జనం ఎలా వెళ్తారన్నా?" అన్నా.

"కార్నర్ దాటెయ్. కోర్టు చెప్పేసింది కదా, వార్తలు చూడవా?"

చూస్తాను. 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు అది, ఎల్క్ మౌంటెన్ దగ్గర మిజోరి వేటగాళ్ళ కేసు. రెండు పబ్లిక్ చదరాలు మూల దగ్గర కలిస్తే, ప్రైవేటు నేల మీద కాలు మోపకుండా ఆ మూల మీంచి ఇటు నుంచి అటు అడుగెయ్యొచ్చని. అది రైల్‌రోడ్డు చెకర్‌బోర్డ్ (చదరంగం బల్లలా పబ్లిక్, ప్రైవేటు చదరాలు మార్చి మార్చి) ఉన్న దక్షిణాన బాగా పనికొస్తుంది. ఇక్కడ ఈ పసుపు ముక్క ఏ మూలా దేన్నీ తాకట్లేదు. మూలే లేనప్పుడు ఏ కోర్టు ఏం చేస్తుంది? అదే చెప్పాను.

"అయితే కంచె దాటు. అంత బయల్లో ఎవడు చూస్తాడు, ఆంటిలోప్ తప్ప?"

వయోమింగ్‌లో ప్రైవేటు భూమికి బోర్డు పెట్టాలన్న నియమం లేదు. అది ఎవరిదో తెలుసుకోవడం వేటగాడి పూచీ. అనుమతి లేకుండా వేటాడితే కేసే. "అన్నా, నాతో ఉన్నాయన వీసా మీదున్నారు, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నారు, ఇలాంటివి చెప్పకు" అన్నాను.

దానికి ఆయనన్న మాట అక్షరం మార్చకుండా రాస్తున్నా: "వీసావాళ్ళకి వేటలెందుకు తమ్ముడూ? కాస్ట్‌కోలో మేకమాంసం అయిపోయిందా?"

పక్కన పెద్దాయన విన్నారు. మొహం అటు తిప్పుకున్నారు. డబ్బులు తీసుకునేటప్పుడు వీసా అడగలేదే! "మనోళ్ళు కూడా వేటాడొచ్చు" అని వీడియో తీసేటప్పుడు మనోళ్ళలో వీసావాళ్ళు లేరా? నేను ఏదో అనబోయేలోపు ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

తాళం పెట్టిన రాంచ్ ఆవిడే నయం. మమ్మల్ని చూసి ఏటీవీ మీద వచ్చింది. తిట్టలేదు. నా ఫోన్లో మ్యాపు చూసి "ఇదే బొమ్మతో ప్రతి అక్టోబరులోనూ ఎవరో ఒకరు వస్తారు" అంది. ట్రెస్‌పాస్ ఫీజు (రాంచ్‌లోకి రానిచ్చేందుకు ఇచ్చే డబ్బు) కట్టి వేటాడేవాళ్ళు వేసవిలోనే బుక్ చేసుకుంటారట, ఈ ఏడాదికి నిండిపోయిందట. కౌంటీ రోడ్డు తగిలే స్టేట్ సెక్షన్ ఒకటుంది, అక్కడ ప్రయత్నించండి అని చెయ్యెత్తి చూపించింది. డబ్బు తీసుకోకుండా దారి చెప్పిన మనిషి ఆ రోజు ఆవిడొక్కతే.

తెల్లారకముందే ఆ సెక్షన్ దగ్గరికి పోతే చుట్టూ ట్రక్కులే. స్టేట్ భూమిలో రాత్రి మకాం వెయ్యకూడదు కాబట్టి అందరూ మోటళ్ళ నుంచి చీకట్లో వచ్చి వరసగా నిలబెట్టారు. తూర్పు తెల్లబడేసరికి ఎవరో తొందరపడి పేల్చారు, అంతే, మంద మొత్తం గంటకి యాభై మైళ్ళ జంతువు కదా, రాంచ్ నడిమధ్యకి పోయి నిలబడి మమ్మల్ని చూస్తోంది. ఇక సాయంత్రం దాకా అక్కడే. మర్నాడు వాన. ఆ బంకమట్టి తడిస్తే మన నల్లరేగడి లాగే, చక్రానికి చుట్టుకుని ఇంక వదలదు. కౌంటీ రోడ్డు మీదే ఇరుక్కున్నాం.

మమ్మల్ని లాగినాయన మినెసోటా నుంచి వచ్చాడు. కబుర్లలో తన మ్యాపు తీశాడు. అవే పిన్నులు. అదే తొట్టి, అదే ‘ఉదయం ఇక్కడ కూర్చో’, ఇంగ్లీషులో, ఒక అక్షరం తప్పుతో సహా. ఆయన కొన్నది ఇంకెవరో అమెరికన్ దగ్గర. ఎవరిది ఎవరు కొట్టేశారో నాకనవసరం. మొత్తానికి మన అన్న ఆ గాలిమరని ఎప్పుడూ కళ్ళతో చూసి ఉండడు. పేజీ పేజీకీ కొట్టిన ‘కాన్ఫిడెన్షియల్’ ముద్ర మాత్రం సొంత కష్టార్జితం.

రిఫండ్ అడుగుతూ మెసేజ్ పెట్టాను. జవాబు: "డిజిటల్ ప్రొడక్ట్ బ్రో, రిఫండ్ ఉండదు. వచ్చే ఏడాది ప్యాకెట్ మీద 20 శాతం తగ్గిస్తా." తమ్ముడు కాస్తా బ్రో అయ్యాడు. ఆ తర్వాత బ్లాక్.

149 పోతే పోయింది. పోయిన పాయింట్లు ఎవరిస్తారు? పెద్దాయన లైసెన్సు డబ్బు నేనిస్తానంటే వద్దన్నారు, అది ఇంకా బాధ.

సరే, వచ్చే జూన్‌కి దరఖాస్తు పెట్టేవాళ్ళకి. గేమ్ అండ్ ఫిష్ వాళ్ళే తమ దరఖాస్తు సమాచారంలో పబ్లిక్ యాక్సెస్ కష్టంగా ఉండే ఏరియాల నంబర్లకి గుర్తు పెట్టి మరీ చెప్తారు, పైసా ఖర్చు లేదు, ముందు అది చూడండి. డ్రా నూటికి నూరు శాతం అంటే ఎందుకని అడగండి. పబ్లిక్ ఎంత ఉందని కాదు, కౌంటీ రోడ్డు నుంచి కాలు ఎక్కడ పెట్టొచ్చో ఆన్‌ఎక్స్ లాంటి మ్యాపులో వేలితో గీసుకుంటూ వెళ్ళండి. వాకిన్ ఏరియాలు, హంటర్ మేనేజ్‌మెంట్ ఏరియాలు (గేమ్ అండ్ ఫిష్ వాళ్ళు భూయజమానులతో మాట్లాడి వేటగాళ్ళకి తెరిపించినవి) కూడా చూడండి, రెండో రకానికి ముందుగా పర్మిషన్ స్లిప్ తీసుకోవాలి. ఆ ప్రాంతం గేమ్ వార్డెన్‌కి ఫోన్ చేస్తే మాట్లాడతారు. నేను ఇవాళ పొద్దున చేశాను. "ఆ ఏరియానా? రాంచ్ అనుమతి ఉందా?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. జూన్‌కి ముందు చేసి ఉంటే సరిపోయేది. ప్రైవేటు ఎక్కువున్న ఏరియా కావాలనుకుంటే ముందు రాంచ్‌తో మాట్లాడుకుని, పాయింట్లు ముట్టుకోకుండా రెండో ఛాయిస్‌లో పెట్టండి.

ప్యాకెట్ ఇప్పటికే కొన్నవాళ్ళు ఏరియా నంబరు నాకు పంపండి, అవే పిన్నులో కాదో సరిపోల్చి చెప్తాను. ఫోన్ కాల్ రికార్డ్ చేయలేదు, మెసేజుల స్క్రీన్‌షాట్లు మాత్రం ఉన్నాయి, అడిగినవాళ్ళకి ఇస్తాను. అన్న అభిమానులు వచ్చి "నీకు వేట రాదు" అని రాయాలనుకుంటే నిరభ్యంతరంగా రాయండి, వచ్చేటప్పుడు ఆ గేటు తాళంచెవి కూడా పట్టుకురండి.