విశాఖలో పాత ఓడ సహచరుల వారాంతం: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి, ఏది వదిలేయాలి

మర్చంట్ నేవీ నుంచి రిటైరైనవాళ్ళు ఏటా ఒకసారి కలుసుకోవాలంటే తెలుగు నేల మీద విశాఖపట్నాన్ని మించిన ఊరు లేదు. రేవు ఉంది, షిప్‌యార్డు ఉంది, ఒడ్డున నిలబడితే యాంకరేజీలో ఆగిన ఓడలు కనిపిస్తాయి. అయితే ఈ ఊళ్ళో చూడాల్సినవి ఎక్కువ కావడం వల్లే చాలా కలయికలు పాడవుతాయి. బస్సు ఎక్కడం, దిగడం, క్యూలో నిలబడడంతోనే శనివారం గడిచిపోతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత కనబడిన బోసన్‌తో (డెక్ పనివాళ్ళ పెద్ద) పది నిమిషాలు కూర్చునే తీరిక ఉండదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా భార్యలతో కలిపి 80 మంది వస్తారనుకుని, ఏ చోటు పనికొస్తుందో, ఏది పనికిరాదో ఇక్కడ రాస్తున్నాం.

ముందు తేదీ. అక్టోబరు, నవంబరు వద్దు. బంగాళాఖాతంలో తుపాన్ల కాలం అది. హుద్‌హుద్ ఈ ఊరిని తాకింది 2014 అక్టోబరు 12న. డిసెంబరు 4 నేవీ డే వారం మీద అందరికీ మోజు ఉంటుంది కానీ, నౌకాదళ విన్యాసాలు ఇప్పుడు ఏటా ఇక్కడే జరగడం లేదు. 2023లో సింధుదుర్గ్‌లో, 2024లో పూరీలో జరిగాయి. ఇక్కడ జరిగే ఏడాది అయితే బీచ్ రోడ్డు మూసేస్తారు, గదుల ధరలు పెరుగుతాయి. సంక్రాంతి వారంలో రైలు టికెట్ దొరకదు. జనవరి చివరి వారాంతం, లేదా ఫిబ్రవరి మొదటిది అన్నిటికన్నా మేలు. ఏప్రిల్ 5 జాతీయ నౌకా దినోత్సవానికి పెట్టుకుందామనేవాళ్ళూ ఉంటారు. 1919లో ఎస్.ఎస్. లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరిన రోజది. తలచుకోదగ్గ రోజే, కానీ ఆ ఎండకూ ఉక్కకూ రక్తపోటు మాత్రలు వేసుకునేవాళ్ళు తట్టుకోలేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలల్లో పెట్టుకుంటే మంచి చేప కూడా దొరకదు.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబరుకు ముందున్న 120 రోజుల లెక్క ఇంకా మనసులో పెట్టుకున్నవాళ్ళకు ఈ మాట విడిగా చెప్పండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అందరం కలిసి వెళ్దామని ఆరుగురికి ఒకే టికెట్ తీస్తారు. 60 దాటిన మగవాళ్ళకు, 45 దాటిన ఆడవాళ్ళకు ఉండే లోయర్ బెర్త్ కోటా ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉన్నప్పుడే వర్తిస్తుంది. ఆరుగురి టికెట్‌లో మోకాలి ఆపరేషన్ అయిన మనిషికి పై బెర్త్ రావచ్చు. ఇద్దరిద్దరుగా తీయండి. సికింద్రాబాద్ నుంచి వచ్చేవాళ్ళకు పగటి వందేభారత్ బాగుంటుంది. కూర్చునే ప్రయాణమే, ఎనిమిదిన్నర గంటలు పడుతుంది, బెర్త్ ఎక్కే బాధ ఉండదు. మరో సంగతి: హౌరా వైపు వెళ్ళే కొన్ని దూరప్రాంతపు రైళ్ళు విశాఖ స్టేషన్‌కు రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. దువ్వాడ నుంచి బీచ్ రోడ్డు దాదాపు 20 కిలోమీటర్లు. టికెట్ మీద ఏ స్టేషన్ రాసి ఉందో ముందే అడిగి, అక్కడ దిగేవాళ్ళకు బండి విడిగా పెట్టాలి.

బసకు మూడు చోట్లు ఉన్నాయి. స్టేషన్, ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు హోటళ్ళు చవక, మందుల షాపులు దగ్గర. కానీ కిటికీ తీస్తే రోడ్డు మోత, హాళ్ళన్నీ పెళ్ళిళ్ళకు కట్టినవి. రుషికొండ, భీమిలి వైపు రిసార్టులు ప్రశాంతంగా ఉంటాయి. అక్కడి ఇబ్బంది రాత్రిపూట వస్తుంది, ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే పెద్దాసుపత్రికి చాలా దూరం. పైగా కాటేజీలు విడివిడిగా, మెట్ల మీద ఉంటాయి. అందుకే ధర కొంచెం ఎక్కువైనా ఆర్కే బీచ్ రోడ్డుకే మా ఓటు. కురుసుర జలాంతర్గామి మ్యూజియం నడిచి వెళ్ళేంత దగ్గర, కింగ్ జార్జ్ ఆసుపత్రి కూడా దగ్గరే. పొద్దున్నే వాకింగ్ వాళ్ళ కోసం ఆ రోడ్డు మీద కాసేపు వాహనాలు ఆపుతారు. తెల్లవారి రైలుకు దిగినవాళ్ళు ఆ వేళకు వస్తే ఆటో హోటల్ గుమ్మం దాకా రాదు. వెనక వీధి నుంచి దారి ఉన్న హోటల్ చూసుకోవాలి.

గదులు ఫోన్ మీద ఖాయం చేయకండి. ఒకరు వెళ్ళి బాత్‌రూములో నిలబడి చూడాలి. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ ఉందా, స్నానానికి తొట్టి గట్టు దాటాలా, నేల తడిస్తే జారుతుందా? ఒంటరిగా వచ్చే ఇద్దరు షిప్‌మేట్‌లను ఒక గదిలో పెడితే రెండు విడి మంచాలు కావాలని ఒప్పందంలో రాయించాలి. "ట్విన్" అని చెప్పి, ఉన్న డబుల్ బెడ్ మీద రెండు దుప్పట్లు పరిచే చోట్లున్నాయి. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు మించకపోతే జీఎస్టీ 5 శాతం, మించితే 18 శాతం. అందుకే 7,600 గదికీ 7,400 గదికీ తేడా చూపులో కొంచెమే, బిల్లులో చాలా ఎక్కువ. ఈ వయసులో చివరి వారంలో జ్వరమనో, స్కానింగ్ అనో ఆగిపోయేవాళ్ళు తప్పక ఉంటారు. 40 గదులు కావాలంటే 34కే గ్యారంటీ సంతకం పెట్టి, మిగతా ఆరు పది రోజుల ముందు తేల్చేలా మాట్లాడుకోండి. విదేశీ పౌరసత్వం తీసుకున్న పాత సహచరులు, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అసలు పాస్‌పోర్టు వెంట తెచ్చుకోవాలి. హోటల్ వాళ్ళు 24 గంటల్లో వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. పాస్‌పోర్టు లేకపోతే అర్ధరాత్రి రిసెప్షన్ దగ్గర ఆగిపోతారు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది హాలు మీద. ముప్ఫై ఏళ్ళు ఇంజిన్ రూములో పనిచేసిన మనిషికి వినికిడి పోతే మొదట పోయేది 4,000 హెర్ట్జ్ దగ్గరి శబ్దాలు. అంటే మాట వినిపిస్తుంది కానీ స, శ, త, ట లాంటి అక్షరాలు విడిపడవు. నిశ్శబ్దమైన గదిలో ఇద్దరు మాట్లాడుకుంటే సర్దుకుంటారు. ఎనభై మంది గోల, ఒక డీజే, పాలరాతి నేల కలిస్తే ఆ పెద్దమనిషి నవ్వుతూ తలూపుతూ కూర్చుంటాడు, ఒక్క ముక్కా అందదు. రెండో రోజు గదిలోంచి బయటికి రాడు. ఏటా వచ్చే మనిషి మరుసటి ఏడు ఎందుకు మానేశాడో చాలామందికి అర్థం కాదు, కారణం తరచూ ఇదే. కాబట్టి నేల మీద కార్పెట్, కిటికీలకు మందపు తెరలు ఉన్న హాలు అడగండి. లోపల చప్పట్లు కొట్టి చూడండి. ప్రతిధ్వని వస్తే వద్దు. పక్క హాల్లో ఆ రోజు పెళ్ళి ఉందా, జనరేటర్ ఏ గోడ వెనక ఉంది, కనుక్కోండి. పదిమంది కూర్చునే పెద్ద బల్లలు కాక ఆరుగురి గుండ్రటి బల్లలు వేయించండి, బల్లకూ బల్లకూ ఐదడుగుల ఎడం. వేదిక దగ్గర రెండు పెద్ద స్పీకర్లు పెట్టి గట్టిగా వాయించే బదులు నాలుగు చిన్నవి నాలుగు మూలలా పెట్టి సౌండు తగ్గిస్తే మాట తేటగా అందుతుంది. లైట్లు ఆర్పవద్దు. వినికిడి తగ్గినవాళ్ళు సగం మాట పెదవులు చూసే పట్టుకుంటారు.

కూర్చోబెట్టేటప్పుడు హోదాలు వదిలేసి ఓడల వారీగా వేయండి. ఒకే ఓడలో పనిచేసిన కెప్టెన్, ఫిట్టర్, కుక్ ఒక బల్ల దగ్గర ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఒక్కరే వచ్చిన ఓడ ఉంటే ఆ కంపెనీ మరో ఓడ బల్లకు కలపండి.

భోజనం వేళ కూడా ఒప్పందంలో రాయించాలి. రాత్రి భోజనం 9 తర్వాత వడ్డించడం హోటళ్ళ అలవాటు, షుగర్ మందు వేసుకున్నవాళ్ళకు అది ప్రమాదం. 12:30కి, 8 గంటలకు వేడిగా బల్ల మీదికి రావాలి. బఫే అయితే రెండు వరసలు, వాటి పక్కనే కుర్చీలు ఉండాలి. వంజరం వేపుడు పెట్టకపోతే విశాఖ వచ్చినట్టే ఉండదు. మనిషికి 75 గ్రాముల ముక్కలు రెండు చొప్పున 80 మందికి శుభ్రం చేసిన చేప 12 కిలోలు. తల, తోక, పొట్ట పోతాయి కాబట్టి కోయని చేప 18 కిలోలు కొనాలి. దీన్ని హోటల్‌కు వదిలేయకుండా తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్‌కు ఇద్దరు వెళ్తే మంచి సరుకు దొరుకుతుంది. బయటి చేపను వండడానికి వంటవాళ్ళు ఒప్పుకుంటారో లేదో ముందే అడగాలి. శాకాహారుల కోసం ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేయించండి, చేప తినేవాళ్ళూ దానికోసం వస్తారు. మందు ఉండేట్టయితే హాలుకు ఎక్సైజ్ అనుమతి హోటల్ చేతే తీయించి, కాగితం కళ్ళారా చూడండి. పక్క రాష్ట్రం నుంచి సీసాలు తేవద్దు.

ఇక చూడాల్సినవి. శనివారం ఒక్కటి చాలు, అది కురుసుర. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విధుల నుంచి తప్పుకొని, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి. పొడవు 91 మీటర్ల పైచిలుకు. మూడు డీజిల్ ఇంజిన్లు, ప్రొపెల్లర్లను తిప్పే షాఫ్టులు మూడు. ఇంజిన్ వాళ్ళు అక్కడ ఆగిపోతారు, వాళ్ళను తొందరపెట్టకండి. లోపల వివరించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్ళే కాబట్టి రెండు వైపులా మాట కలుస్తుంది. ఇబ్బందల్లా లోపలి దారి. గది నుంచి గదికి వంగి, కాలెత్తి దాటాలి, ఒకరి వెనక ఒకరే నడవాలి, మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. అందుకే పన్నెండేసి మందిని పంపండి, గుంపు చివర ఒక బలమైన మనిషి ఉండాలి. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో సాధారణంగా మధ్యాహ్నం 2 తర్వాతే తెరుస్తారు, ఆదివారం పొద్దున కూడా ఉంటుంది. శనివారం 2కే చేరుకుంటే జనం తక్కువ. వంగలేనివాళ్ళను రోడ్డుకు అవతలి టీయూ-142 నౌకాదళ విమానం మ్యూజియానికి పంపండి. విమానం లోపలికి ఎక్కకపోయినా సోనోబోయ్‌లు (జలాంతర్గాముల శబ్దం పట్టే పరికరాలు), ప్రొపెల్లరు ఉన్న ప్రదర్శన హాలు చదునుగా ఉంటుంది, కూర్చుని చూడొచ్చు. ఆ పక్కనే 1971 యుద్ధానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం. గ్రూప్ ఫోటో అక్కడ తీయాలి, సాయంత్రం నాలుగున్నరకు ఎండ ఫోటో తీసేవాళ్ళ వెనక నుంచి వస్తుంది కాబట్టి సముద్రం వెలుగుతో కనిపిస్తుంది.

రేవు లోపలికి వెళ్ళాలని అందరూ అడుగుతారు. పాసులకు వారాల ముందు దరఖాస్తు పెట్టాలి, పెట్టినా ఆ రోజు భద్రతా కారణాలతో ఆపవచ్చు. దాన్ని కార్యక్రమంలో పెట్టి ఆశ కల్పించవద్దు. దానికి బదులు రాస్ హిల్ ఎక్కండి. చర్చి దగ్గర నిలబడితే కింద ఓడలు రేవులోకి వచ్చే ఎంట్రన్స్ ఛానల్, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. రేవు కట్టేటప్పుడు రెండు పాత ఓడల్ని ముంచి అలల అడ్డుకట్ట చేశారు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ ఈ ఛానల్‌లోంచే మొదట లోపలికి వచ్చింది. పైలట్ బోటుతో లోపలికి వస్తున్న ఓడను పైనుంచి చూస్తూ ఒక గంట కూర్చుంటే ఏ మ్యూజియమూ అక్కర్లేదు. దారి ఇరుకు, పెద్ద బస్సు ఎక్కదు, పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్లే తీసుకోవాలి. వాటి మొదటి మెట్టు ఎత్తు కాబట్టి బండికొక చిన్న పీట పెట్టండి. నేవీ ప్రాంతాల వైపు ఫోటోలు తీయవద్దని బండిలోనే చెప్పాలి. డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్, యారాడ బీచ్ బాగుంటాయి కానీ చుట్టు తిరిగి వెళ్ళాలి, మెట్లు ఎక్కువ. వీటిని ఓపిక ఉన్నవాళ్ళకు వదిలేయండి.

అరకు ఈ రెండు రోజుల్లో వద్దే వద్దు. కిరండూల్ రైలు, 58 సొరంగాలు, అద్దాల బోగీ అన్నీ నిజమే. కానీ పోనూ రానూ ఒక రోజు పూర్తిగా పోతుంది, బొర్రా గుహల మెట్లు తడిగా ఉంటాయి. వెళ్ళాలనుకున్న కుటుంబాలు సోమవారం సొంతంగా వెళ్ళవచ్చు. ఆదివారం పొద్దున 7కి భీమిలి చాలు. డచ్చివాళ్ళ సమాధులు, పాత లైట్‌హౌస్ చూసి, టిఫిన్ చేసి 11కల్లా తిరిగి రావచ్చు. సమాధుల దగ్గర నేల ఎగుడుదిగుడు, చెప్పులు కాక బూట్లు వేసుకోండి. ఒక ముఖ్యమైన మాట: జీవితమంతా నీళ్ళ మీద గడిపినా సరే, ఆర్కే బీచ్‌లో సముద్రంలోకి దిగవద్దు. ఒడ్డు నిటారు, వెనక్కి లాగే నీరు బలంగా ఉంటుంది. కాళ్ళు తడుపుకోవాలంటే రుషికొండలో హద్దులు పెట్టిన చోట.

శనివారం రాత్రి భోజనానికి ముందు పోయినవాళ్ళను తలచుకోవడం ఉంటుంది. దీన్ని పొడిపొడిగా కానివ్వకండి. ఓడ మీద గంట ఎనిమిది దెబ్బలు కొడితే వాచ్, అంటే కాపలా వంతు, ముగిసినట్టు. రెండేసి దెబ్బలు నాలుగు సార్లు, జంటకూ జంటకూ మధ్య చిన్న విరామం. తాడు కట్టిన ఇత్తడి గంట వేలాడదీసి, డెక్‌లో పనిచేసినవారి చేత కొట్టించండి. పేరు, చివరి హోదా, పోయిన ఏడాది చదవాలి. ఆ జాబితా రెండు వారాల ముందే అందరికీ పంపి సరిచూసుకోవాలి. బతికున్న మనిషి పేరు చదివితే ఆ రాత్రి ఇక కోలుకోదు. ఆ ఏడాది పోయినవారి భార్యలను ముందు వరసలో కూర్చోబెట్టాలి, వాళ్ళ దారిఖర్చు, గది ఖర్చు ఉమ్మడి నిధి నుంచే పెట్టాలి. సముద్రంలో పూలు వదిలేట్టయితే తీగ, ప్లాస్టిక్ తీసేసిన విడిపూలే వాడండి.

ఆదివారం టిఫిన్ బల్ల దగ్గరే వచ్చే ఏటి తేదీ తేల్చి, హాలుకు అడ్వాన్సు కట్టేయండి. ఊళ్ళకు చేరాక తేల్చుదామంటే ఆరు నెలలు పోతాయి. వెళ్ళేముందు ప్రతి ఒక్కరి దగ్గరా సొంత నంబరుతో పాటు ఇంట్లోవాళ్ళ నంబరు ఒకటి రాయించుకోవాలి. ఓడ మీద తోటివాడు ఎవరో కొడుకుకూ కోడలికీ తెలియదు. ఫోను మూగబోయాక కబురు చెప్పడానికీ, అడగడానికీ ఆ ఒక్క నంబరే దారి.