పీఆర్ ప్యాకేజీ రివ్యూ: 20 లింకుల్లో ఒక్కరూ మా మగ్గం చూడలేదు

పుట్టపాకలో మాది తేలియా రుమాల్ (నూనెలో నానబెట్టిన నూలుతో నేసే చేనేత) నేసే ఇల్లు. చీరలు, దుపట్టాలు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాక హైదరాబాద్ నుంచి ఒక పీఆర్ (ప్రచార) ఏజెన్సీ ఫోన్ చేసింది. 18,000 రూపాయలిస్తే 20 న్యూస్ వెబ్‌సైట్లలో వార్త వేయిస్తామన్నారు. తీసుకున్నాం.

చెప్పిన తేదీకి 20 లింకులూ వచ్చాయి, అది ఒప్పుకోవాలి. కానీ అన్నిట్లో ఒకటే కథనం, అక్షరం తేడా లేదు. రాసినవాళ్ల పేరు లేదు. కింద సన్న అక్షరాల్లో, ఈ విషయాలతో మా సంపాదకులకు సంబంధం లేదని ఉంది. అన్నిటికన్నా బాధ, మా చీరను 'ప్రింటెడ్' అని రాశారు! దారానికి చిటికి (రంగు అంటకుండా వేసే ముడులు) కట్టి, రంగు అద్ది, పడుగూ పేకా రెండింట్లో డిజైన్ కలిసేలా నేసేదాన్ని ప్రింట్ అంటే ఎట్లా? మార్చమంటే మళ్లీ చార్జ్ అవుతుందన్నారు.

సెర్చ్‌లో పైకొస్తారన్న మాటా నిలవలేదు. డబ్బు తీసుకుని పెట్టే లింకుకు కోడ్‌లో 'స్పాన్సర్డ్' అని గుర్తు పెట్టే పద్ధతిని గూగుల్ 2019లో తెచ్చింది. ఆ గుర్తుంటే లింకును మనకు సిఫార్సుగా సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. ఏ గుర్తూ లేకుండా ర్యాంకు కోసం లింకు కొంటే అది గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధం. వెబ్‌సైట్లు చేసే మా తమ్ముడు ఆ పేజీల కోడ్ తీసి ఇదంతా చూపించాడు.

దీనికన్నా జిల్లా పేజీలో పైసా ఖర్చు లేకుండా వచ్చిన వార్త నయం. ఆ విలేకరి ఇంటికొచ్చి మగ్గం పక్కన కూర్చున్నాడు. నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో ఎందుకు నానబెడతారో అడిగాడు. 2020లో మా నేతకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందనీ సరిగ్గా రాశాడు. ఈ-పేపర్ క్లిప్పింగ్ చండూరు, మునుగోడు, చౌటుప్పల్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది, ఫోన్లూ వచ్చాయి. అయితే అది ఫొటోనే కదా, వారం దాటితే ఎవరికీ దొరకదు.

యూట్యూబ్ ఛానెళ్లలో ఆసు పోయడం (నూలును మేకుల చుట్టూ తిప్పి పేర్చడం), చిటికి కట్టడం చక్కగా కనిపిస్తాయి. చూసేవాళ్లు ఎక్కువే, కొనేవాళ్లు తక్కువ.

మాకు నిజంగా పనికొచ్చింది మాత్రం చేనేత గురించి రాసే ఒకావిడ వ్యాసం. ఆమె పూర్తి ధర ఇచ్చి దుపట్టా కొన్నది, వాడి చూసింది, ఆ తర్వాతే రాసింది. కొత్త బట్టకు నూనె వాసన ఉంటుందని, ఉతికేకొద్దీ తగ్గుతుందని కూడా దాచకుండా రాసింది. చదివేవాళ్లు కొద్దిమందే. కానీ ఆ వ్యాసం చూసి కొన్నవాళ్లెవరూ వాసన వస్తోందని చీర తిప్పి పంపలేదు. ఆర్డర్లు ఇప్పటికీ వస్తున్నాయి.

ఏజెన్సీకి 5లో 1 స్టార్, లింకులు తేదీకి ఇచ్చినందుకు. నేతన్నలూ, ఎవరైనా ప్యాకేజీ అంటే డబ్బు కట్టకముందే రెండు అడగండి: రాసే మనిషి ఇంటికొచ్చి చూస్తారా, తప్పు పడితే ఉచితంగా దిద్దుతారా? జవాబు వాట్సాప్‌లో రాసి పంపమనండి.