నీళ్ల ఉప్పు చూసే ఈసీ పెన్ను: రెండు సార్వాలు వాడాక నా మాట

నాగాయలంక వైపు కాలువ చివర మాకు మూడెకరాలుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు మా బోదెలోకి వచ్చేసరికి పైవాళ్ల ఊడ్పులు సగం అయిపోతాయి. అందాకా నారుమడికి బోరే దిక్కు. ఆ నీళ్లు పుక్కిట పట్టి, ‘ఉప్పగా ఉన్నాయిలే, పర్లేదు’ అని పెట్టేయడం మా నాన్న కాలం నుంచీ అలవాటు. ఆ అలవాటు మానాలనే 850 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఈ పెన్ను తెప్పించాను. నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో ఇది కొలుస్తుంది, ఆ కొలతనే ఈసీ అంటారు. ఉప్పు ఎక్కువుంటే అంకె పెరుగుతుంది. కంపెనీ పేరు రాయను. ఈ ధరలో దొరికేవి చాలావరకు ఇలాగే ఉంటాయి.

ముందు నాకు జరిగిన నష్టం చెప్తాను. మొదటి ఏడాది బోరు నీళ్లు గ్లాసులో పట్టి పెన్ను ముంచితే 482 అని చూపించింది. నాలుకకి ఉప్పు తగులుతూనే ఉంది. అయినా మిషన్ చెప్పింది కదా అని నారుమడికి పెట్టేశాను. వారం తిరక్కుండానే నారు కొసలు తెల్లబడి ఎండిపోయాయి. మా బాబాయి కొడుకు వచ్చి, ‘అన్నయ్యా, ఈ మూల చూశావా?’ అని వేలు పెట్టి చూపించాడు. తెర కింద మూలన చీమ తలంత ‘×10’ వెలిగి ఆరుతోంది. అంటే 482 కాదు, 4820 మైక్రో సీమెన్లు. వెయ్యి మైక్రో సీమెన్లని ఒకటిగా లెక్కేస్తే ఈసీ 4.8 అన్నమాట. లేత నారుకి అది విషమే. కళ్లజోడు పెట్టుకునే వయసు రైతుల చేతికి వెళ్లే వస్తువు మీద ఆ గుర్తు అంత చిన్నగా పెట్టడం పెద్ద తప్పు. కాగితంలోనూ దాని గురించి ఒక్క ముక్క లేదు.

ఆ ఒక్కటీ తెలుసుకుని వాడితే మాత్రం ఇది బంగారం లాంటి వస్తువు. మోటారు వేయగానే మా బోరు 1.9 చూపిస్తుంది. రెండు గంటలు ఆపకుండా తోడితే 3.6కి ఎక్కుతుంది. సముద్రం పక్క భూముల్లో మంచి నీరు పైన పలచటి పొరలా ఉండి, కింద ఉప్పు నీరు ఉంటుంది. గట్టిగా లాగితే కింది నీరు పైకి ఉబికి వస్తుంది. బాపట్ల శాస్త్రవేత్తలు ఇసుక నేలల్లో దొరువుల (లోతు తక్కువ నీటి గుంటల) పద్ధతిని మెరుగుపరిచింది కూడా పై నీటిని మాత్రమే మెల్లగా తీసుకోవడానికే. ఇప్పుడు నేను గంట వేసి ఆపేస్తాను, సాయంత్రం మళ్లీ గంట.

టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క, పీపీఎంలో చూపిస్తుంది) మీట మీద పెట్టి చూడకండి. కొన్ని పెన్నులు ఈసీని సగం చేసి పీపీఎం చూపిస్తాయి, కొన్ని 0.7తో గుణిస్తాయి. అందుకే పక్కవాడి అంకెతో మన అంకె కలవదు. ఈసీ మీదే ఉంచండి. ఈసీ సరిగ్గా 1413 మైక్రో సీమెన్లు ఉండే ద్రావణం పొట్లం తెచ్చుకుని నెలకోసారి సరిచూడండి. మాది ఒకసారి 1250 చూపించింది, సరిచేసుకున్నాను.

మట్టికి కూడా వాడొచ్చు గానీ జాగ్రత్త. ఒక వంతు ఎండు మట్టికి రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, తేరాక ముంచాలి. వరికి నేల ఈసీ 3 దాటాక ఒక్కో అంకెకి 12 శాతం చొప్పున దిగుబడి పడిపోతుందంటారు కదా, ఆ లెక్క నీళ్లతో పూర్తిగా తడిసిన మట్టి నుంచి లాగిన రసానిది. మన గ్లాసులో నీళ్లెక్కువ కాబట్టి అంకె తక్కువ వస్తుంది. 1.5 వచ్చిందని సంబరపడితే మోసపోతాం.

ఇంకొకటి, ఇది కారుచౌడుని (సోడియం ఎక్కువై చెడిన నేలని) పట్టుకోదు. దానికి పీహెచ్, సోడియం చూడాలి, ల్యాబ్‌కే వెళ్లాలి. మా వైపు పాలచౌడుకి (కరిగే ఉప్పు పేరుకున్న నేలకి) కూడా జిప్సం బస్తాలు గుమ్మరిస్తున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. జిప్సం కారుచౌడుకి మందు. పాలచౌడుకి కావాల్సింది మడిలో మంచి నీళ్లు నిలగట్టి, ఉప్పు కరిగాక మురుగు కాలువలోకి తీసేయడం. అలా తీసే ముందు ఒకసారి, తీశాక ఒకసారి పెన్ను ముంచి చూడండి.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ ‘×10’ గుర్తు పెద్దది చేస్తే నాలుగున్నర. మా పెన్ను మూత మీద నెయిల్ పాలిష్‌తో ‘మూల చూడు’ అని రాసి పెట్టాను.